ఆకాశంలో కొత్త చుక్క కనబడినప్పుడు: ఏఏవీఎస్‌ఓ సేవలపై ఒక పరిశీలకుడి సమీక్ష

తెలిసిన నక్షత్రాల మధ్య తెలియని చుక్క ఒకటి కనబడినప్పుడు, అది నిజంగా కొత్తదో, మనకు మాత్రమే కొత్తదో తేల్చుకోవలసిన మొదటి అరగంట చాలా కీలకమైనది. ఆ అరగంటలో టెలిస్కోపు కన్నా, కెమెరా కన్నా ఎక్కువగా పనికివచ్చేవి పటాలు, జాబితాలు, ఇతరులు ముందే చేసి పెట్టిన కొలతలు. అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ వేరియబుల్ స్టార్ అబ్జర్వర్స్, అంటే పరిశీలకులందరూ పొడి అక్షరాలతో ఏఏవీఎస్‌ఓ అని పిలిచే సంస్థ, వీటిని ఇంటర్నెట్‌లో ఎవరికైనా అందుబాటులో ఉంచింది. వాటిలో మూడింటిని నేను కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఒకటి చర నక్షత్రాల, అంటే వెలుగు మారే నక్షత్రాల, సూచిక అయిన వీఎస్‌ఎక్స్, రెండవది కోరిన చోటికి పటం గీసి ఇచ్చే వీఎస్‌పీ, మూడవది మన కొలతలను స్వీకరించే వెబ్‌ఆబ్స్. ఆ కొత్త చుక్క నోవా, అంటే పేలుడు వల్ల ఉన్నట్టుండి వేల రెట్లు వెలిగే నక్షత్రం, కావచ్చునన్న అనుమానాన్ని నివృత్తి చేసుకునే పనికి ఇవి ఎంతవరకు సరిపోతాయన్న ఒక్క కోణం నుంచే ఈ సమీక్ష రాస్తున్నాను. నా నిర్ణయం ముందే చెబుతాను. వీఎస్‌ఎక్స్ లేనిదే ఈ పనికి పూనుకోకూడదు. వీఎస్‌పీ దానికి ఏమాత్రం తీసిపోదు. వెబ్‌ఆబ్స్ నమ్మకమైనదే కాని, దాని పద్ధతి అలవాటు కావడానికి కొంత ఓపిక కావాలి. ఈ మూడూ కలిసినా మనల్ని ఆవిష్కరణ గుమ్మం దాకా మాత్రమే తీసుకువెళతాయి, ఆ గుమ్మం దాటించేవి వేరే చోట్ల ఉన్నాయి.

సంస్థ గురించి రెండు మాటలు చెప్పాలి. 1911లో విలియం టైలర్ ఆల్కాట్ అనే ఔత్సాహికుడు, హార్వర్డ్ కళాశాల వేధశాలకు అధిపతిగా ఉన్న ఎడ్వర్డ్ పికరింగ్ ప్రోత్సాహంతో దీనిని ప్రారంభించారు. వెలుగు మారే నక్షత్రాలు వేలల్లో ఉంటే, వాటిని రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండగల వృత్తి శాస్త్రవేత్తలు పదుల్లో కూడా లేరు కాబట్టి, ఆ పనిని ఆసక్తి ఉన్న మామూలు మనుషులకు పంచాలన్నది వారి ఆలోచన. నూరేళ్లు దాటిన తరువాత కూడా సంస్థ స్వభావం అదే. ఖాతా తెరవడానికి, పరిశీలక సంకేతం పొందడానికి, కొలతలు పంపడానికి సభ్యత్వం తీసుకోవలసిన అవసరం లేదు. ఇది చిన్న విషయంగా కనబడవచ్చు కాని, కొత్తగా వచ్చేవారికి తలుపు తెరిచి ఉండడానికి ఇదే ముఖ్య కారణమని నా అభిప్రాయం.

నోవా అన్న మాటకు లాటిన్‌లో కొత్తది అని అర్థం. పేరు అలా స్థిరపడింది కాని, అక్కడ కొత్త నక్షత్రమేదీ పుట్టదు. జంట నక్షత్రాలలో ఒకటి శ్వేత కుబ్జమై, అంటే ఇంధనం అయిపోయి కుదించుకుపోయిన నక్షత్రమై, పక్కనున్న నక్షత్రం నుంచి హైడ్రోజన్‌ను లాక్కుంటూ ఉంటుంది. ఆ వాయువు పొరలు పొరలుగా పేరుకుని, అడుగున వేడీ ఒత్తిడీ హద్దు దాటినప్పుడు ఉపరితలమంతటా అణుసంలీనం అదుపు తప్పి రగులుకుంటుంది. అంతవరకు ఎవరి కంటికీ ఆనని నక్షత్రం కొద్ది గంటల్లో, కొద్ది రోజుల్లో వేల రెట్లు వెలుగుతుంది. మన పాలపుంతలో ఇలాంటివి ఏడాదికి సుమారు పది మాత్రమే కనుగొనబడుతున్నాయి. ఆకాశమంతా స్వయంచాలక కెమెరాలు గాలిస్తున్న ఈ రోజుల్లో కూడా వాటిలో కొన్ని ఔత్సాహికుల కంటనే ముందు పడుతున్నాయి. 2013 ఆగస్టు 14న జపాన్‌కు చెందిన కోయిచి ఇతగాకి 6.8 మాగ్నిట్యూడ్ (వెలుగు కొలమానం, అంకె తగ్గే కొద్దీ వెలుగు ఎక్కువ) వద్ద పట్టుకున్న వీ339 డెల్ఫినీ, రెండు రోజుల్లో 4.3కి చేరి, చీకటి ఆకాశంలో ఉత్త కంటికే కనబడింది. అదే ఏడాది డిసెంబరు 2న ఆస్ట్రేలియా పరిశీలకుడు జాన్ సీచ్ మామూలు డిజిటల్ కెమెరాతో పట్టుకున్న వీ1369 సెంటారీ అంతకన్నా ప్రకాశవంతంగా వెలిగింది. ఇలాంటి పేర్లు చదివినప్పుడు మనకు కూడా ఒకటి దొరకకపోతుందా అన్న ఆశ కలగడం సహజం. ఆ ఆశను పరీక్షకు పెట్టేదే వీఎస్‌ఎక్స్.

నా అనుభవంలో మొదటి పరీక్ష హంస రాశిలో జరిగింది. తెల్లవారుజామున 10x50 బైనాక్యులర్‌తో హంస మెడ వెంట, ఆల్బీరియో నుంచి ఈటా సిగ్ని వైపు చూపు జరుపుతూ ఉండగా, అంతకు ముందు నెలల్లో లేని చుక్క ఒకటి, ఎర్రగా, ఎలాంటి సందేహానికీ తావు లేనంత స్పష్టంగా కనబడింది. కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాను, ఉంది. నా దగ్గరున్న చిన్న నక్షత్ర పటంలో అక్కడ ఖాళీ. చేతులు వణుకుతూ ఉండగానే దాని స్థానాన్ని అంచనా వేసి, వీఎస్‌ఎక్స్‌లో ఆ నిర్దేశాంకాలు ఇచ్చి, చుట్టూ పావు డిగ్రీ మేర వెతకమన్నాను. వచ్చిన జాబితాలో తలమానికంగా ఉన్నది కై సిగ్ని. 408 రోజులకు ఒకసారి వెలుగు పెరిగి తగ్గే మీరా తరగతి నక్షత్రం, అత్యధికంగా 3.3 మాగ్నిట్యూడ్, అత్యల్పంగా 14.2. అంటే పతాక దశలో ఉత్త కంటికి కనబడే ఈ నక్షత్రం, క్షీణ దశలో మంచి టెలిస్కోపుకు కూడా కష్టం మీద దొరుకుతుంది. దీని వెలుగు మారుతుందని గాట్‌ఫ్రీడ్ కిర్ష్ 1686లోనే గుర్తించారు. అది మూడు వందల ఏళ్లకు పైగా అందరికీ తెలిసిన కొత్త నక్షత్రం.

ఆ ఉదయం కలిగిన నిరాశను దాచను. అయితే, ఈ తరగతికి పేరు పెట్టిన మీరా నక్షత్రాన్ని 1596 ఆగస్టులో మొదటిసారి చూసిన డేవిడ్ ఫాబ్రిషియస్ కూడా దానిని నోవా అనే భావించారు. ఆయనకు అడిగి చూసుకోవడానికి ఏ జాబితా లేదు, నాకు ఉంది. తేడా అంతే. నోవా అనుమానాలలో పెద్ద భాగం ఇలా పతాక దశలో ఉన్న మీరా నక్షత్రాలే కాబట్టి, మొట్టమొదట చూడవలసిన చోటు వీఎస్‌ఎక్స్ అనే నా వాదనకు ఇంతకన్నా ఆధారం అక్కర్లేదు.

వీఎస్‌ఎక్స్ ఫలితాల పేజీని చదవడం మాత్రం నేర్చుకోవలసిన విద్య. ప్రతి నక్షత్రానికి పేరు, స్థానం, తరగతి, గరిష్ఠ కనిష్ఠ వెలుగు, ఆవర్తన కాలం వరుసగా ఉంటాయి. తరగతి గడిలో ఎం అని ఉంటే మీరా, ఎన్‌ఏ అంటే వేగంగా తగ్గే నోవా, ఎన్‌ఆర్ అంటే మళ్లీ మళ్లీ పేలే నోవా, యూజీ అంటే మరుగుజ్జు నోవా, అసలు నోవా కన్నా చిన్నగా, పదే పదే వెలిగేది. అక్షరాల తరువాత రెండు చుక్కలు ఉంటే ఆ వర్గీకరణ ఇంకా సందేహంలో ఉన్నట్టు. ఈ రెండు చుక్కలను నిర్లక్ష్యం చేయకూడదని అనుభవం మీద చెబుతున్నాను. మరుగుజ్జు నోవాలలో కొన్ని దశాబ్దాల పాటు నిద్రపోయి ఒక్కసారిగా మేల్కొంటాయి. డబ్ల్యూజెడ్ సాజిటే 1913లో వెలిగినప్పుడు అందరూ దానిని నోవాగానే నమోదు చేశారు. 1946లో, 1978లో, 2001లో మళ్లీ వెలగడంతో దాని అసలు స్వభావం బయటపడింది. ఇలాంటివి మన కెమెరాలో నిజమైన నోవాకు ఏమాత్రం తీసిపోకుండా కనబడతాయి.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండే ఉదాహరణ కూడా చెప్పకపోతే వీఎస్‌ఎక్స్‌ను అపార్థం చేసుకునే ప్రమాదం ఉంది. 2021 మార్చి 18న యూజి నకమురా 135 మిల్లీమీటర్ల లెన్స్‌తో తీసిన చిత్రాలలో, కాసియోపియా రాశిలో ఎం52 నక్షత్ర గుచ్ఛానికి సమీపంలో, 9.6 మాగ్నిట్యూడ్ చుక్క ఒకటి కొత్తగా కనబడింది. నాలుగు రోజుల ముందు తీసిన చిత్రాలలో అది లేదు. ఆ స్థానంలో సూచిక చూస్తే, సుమారు 15.5 మాగ్నిట్యూడ్ గల గ్రహణ ద్వితార, అంటే ఒకదానినొకటి కప్పుకుంటూ తిరిగే నక్షత్రాల జంట, ఒకటి అప్పటికే నమోదై ఉంది. జాబితాలో ఏదో ఉంది కదా అని అక్కడితో వదిలేసి ఉంటే, వీ1405 కాసియోపియే అనే నోవా మరికొన్ని రోజులు మరుగునే ఉండిపోయేది. ఆరు మాగ్నిట్యూడ్ల పెరుగుదల అంటే వెలుగు దాదాపు 250 రెట్లు పెరగడం. గ్రహణ ద్వితార ఏదీ అలా పెరగదు. ఆ జంటలోనే పేలుడు జరిగిందని తరువాత తేలింది. కాబట్టి జాబితాలో పేరు ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్న మాత్రమే. జాబితాలో ఉన్న హద్దులకూ మన కంటికి కనబడిన వెలుగుకూ పొంతన ఉందా అన్నది రెండవది. వీఎస్‌ఎక్స్ మొదటిదానికి జవాబు చెబుతుంది, రెండవదానికి కావలసిన అంకెలు ఇస్తుంది, తీర్పు మనదే.

వీఎస్‌ఎక్స్‌ను ఉపయోగించేటప్పుడు స్థానం ఎంత కచ్చితంగా తెలిస్తే ఫలితం అంత పనికివస్తుంది. పాలపుంత మధ్య భాగంలో కొద్ది ఆర్క్‌నిమిషాల (డిగ్రీలో అరవయ్యవ వంతు ఒక ఆర్క్‌నిమిషం) వృత్తంలో వెతికినా చర నక్షత్రాలు కుప్పలు తెప్పలుగా వస్తాయి, వాటిలో మన చుక్క ఏదో తేలదు. చిత్రం తీసినవారు ఆస్ట్రోమెట్రీ డాట్ నెట్ వంటి ఉచిత సేవకు దానిని అప్పగిస్తే, నక్షత్రాల అమరికను బట్టి చిత్రంలోని ప్రతి బిందువుకు నిర్దేశాంకాలు వస్తాయి. ఆ తరువాతే సూచికను అడగడం మంచిది. బైనాక్యులర్‌తో చూసినవారికి ఆ వెసులుబాటు లేదు కనుక, చుట్టుపక్కల నక్షత్రాలతో అది ఏర్పరచే త్రిభుజాలను కాగితం మీద గీసుకోవడం తప్ప దారి లేదు.

అయితే వీఎస్‌ఎక్స్ నక్షత్రాలకే పరిమితం. కదిలే వాటి సంగతి దానికి తెలియదు, తెలియజేయవలసిన బాధ్యత కూడా దానిది కాదు. రాశిచక్రం పరిసరాల్లో కనబడిన ప్రతి కొత్త చుక్కనూ గ్రహశకలమేమోనని ముందుగా శంకించాలి. ఒకసారి ధనూరాశిలో తీసిన చిత్రంలో నాకు ఇలాంటి చుక్క కనబడినప్పుడు, ఫోన్‌లో ఉన్న ఒక ఆకాశ పటం యాప్‌ను నమ్మి, అక్కడ గ్రహశకలమేదీ లేదని తీర్మానించుకున్నాను. ఆ యాప్‌లో కక్ష్యా వివరాలు పాతబడి ఉన్నాయని, అది చూపించిన స్థానానికీ అసలు స్థానానికీ చాలా తేడా ఉందని ఆ తరువాత అర్థమైంది. గ్రహశకలాల లెక్కలు నిర్వహించే మైనర్ ప్లానెట్ సెంటర్ వారి వెతుకులాట పేజీలో తేదీ, సమయం, స్థానం ఇస్తే ఆ రాత్రి అక్కడ ఉన్న, ఇప్పటికే తెలిసిన శకలాలన్నీ పేర్లతో సహా వస్తాయి. దానితో సందేహం చాలావరకు తీరుతుంది. గంట తరువాత మరో చిత్రం తీసి పోల్చడం కూడా మంచి పద్ధతే. సూర్యుడికి ఎదురుగా ఉన్న శకలం గంటకు అర ఆర్క్‌నిమిషం వరకు జరుగుతుంది. కాని గమనం దిశ మార్చుకునే రోజుల్లో అది దాదాపు నిలిచిపోయినట్టు ఉంటుంది. అప్పుడు గంట సరిపోదు, ఒక్కోసారి రాత్రి కూడా సరిపోదు.

కెమెరా కల్పించే చుక్కలు మరొక బెడద. ప్రకాశవంతమైన నక్షత్రం ఒకటి చట్రంలో ఉంటే, దాని వెలుగు లెన్స్ గాజుల మధ్య తిరిగి ప్రతిబింబమై, చట్రం మధ్య బిందువుకు సరిగ్గా అవతలి వైపున చిన్న నక్షత్రంలా కూర్చుంటుంది. కెమెరాను కొద్దిగా పక్కకు జరిపి మళ్లీ తీస్తే అసలైన నక్షత్రం ఇతర నక్షత్రాలతో పాటే జరుగుతుంది, ప్రతిబింబం ఎదురు దిక్కుకు పోతుంది. ఒకే చిత్రాన్ని ఆధారం చేసుకుని ఎవరికైనా కబురు పంపడం ఎంత తప్పో, అలా ఒకసారి తొందరపడి ఒక పరిశీలక మిత్రుడిని నిద్ర లేపిన తరువాత నాకు బాగా తెలిసింది. ఆయన ఏమీ అనలేదు, తన టెలిస్కోపుతో చూసి, అక్కడ ఏమీ లేదని మర్యాదగా చెప్పారు. ఆ రోజు నుంచి, చట్రం జరిపి తీసిన కనీసం రెండు చిత్రాలలో ఉంటే తప్ప ఏ చుక్కనూ లెక్కలోకి తీసుకోవడం లేదు.

ఇన్ని వడపోతల తరువాత కూడా చుక్క మిగిలితే, దాని వెలుగు ఎంతో కొలవాలి. ఇక్కడ వీఎస్‌పీ ప్రవేశిస్తుంది. నక్షత్రం పేరు గాని, నిర్దేశాంకాలు గాని ఇచ్చి, ఎంత మేర ఆకాశం కావాలో చెబితే అది పటం గీసి ఇస్తుంది. మేరకు అక్షరాల కొలమానం ఉంది. ఏ అంటే 15 డిగ్రీలు, బైనాక్యులర్‌కు దారి చూపే పటం. ఆ తరువాత అక్షరాలు పెరిగే కొద్దీ మేర తగ్గుతూ, ఎఫ్ దగ్గర పావు డిగ్రీకి వస్తుంది. ఈ పటంలో వెలుగు స్థిరంగా ఉన్న పోలిక నక్షత్రాల పక్కన వాటి మాగ్నిట్యూడ్ అంకె ముద్రించి ఉంటుంది. మొదటిసారి చూసినవారు 87 అన్న అంకెను చూసి తికమక పడతారు. అది 8.7. దశాంశ బిందువు పెడితే ఆ బిందువే మరో నక్షత్రమని పొరబడే అవకాశం ఉంది కాబట్టి దానిని తీసేశారు. నలుపు చుక్కలతో నిండిన కాగితాన్ని ఎర్ర దీపం మసక వెలుగులో చూసినవారికి ఈ నిర్ణయం వెనుక ఎంతటి అనుభవం ఉందో తెలుస్తుంది.

పటం దిక్కుల విషయంలో కూడా అదే శ్రద్ధ ఉంది. తలకిందులుగా చూపించే టెలిస్కోపుకు ఉత్తరం కిందికి ఉండే పటం, వికర్ణ దర్పణం పెట్టి చూసేవారికి ఎడమ కుడి మారిన పటం, కెమెరా వాడేవారికి ఉత్తరం పైకి, తూర్పు ఎడమకు ఉండే పటం ఎంచుకోవచ్చు. కొత్తవారు చేసే తప్పులలో సగం ఈ ఎంపిక దగ్గరే జరుగుతాయి. తప్పు దిక్కుతో ఉన్న పటాన్ని కంటికి కనబడే దృశ్యంతో పోల్చుకుంటూ అరగంట వృథా చేసుకోవడం కన్నా, ఇంట్లోనే తమ టెలిస్కోపుకు ఏది సరిపోతుందో పగటిపూట ఒకసారి చూసి పెట్టుకోవడం మేలు. ప్రతి పటానికి ఎక్స్‌తో మొదలయ్యే గుర్తింపు సంకేతం ఉంటుంది. కొలత పంపేటప్పుడు దానిని కూడా రాయాలి. ఏ పోలిక నక్షత్రానికి ఏ విలువ వాడామో ఇరవై ఏళ్ల తరువాత కూడా ఎవరైనా వెతికి పట్టుకోవచ్చు, విలువలు సవరించబడితే మన పాత కొలతను కూడా దానికి తగ్గట్టు సరిచేయవచ్చు. ఇది నాకు ఎంతో నచ్చిన అంశం.

కంటితో కొలవడం చాలా సులువు, సరిగ్గా కొలవడం మాత్రం అభ్యాసంతోనే వస్తుంది. మన నక్షత్రం కన్నా కొంచెం ప్రకాశవంతమైనది ఒకటి, కొంచెం మసకైనది ఒకటి ఎంచుకోవాలి. ఉదాహరణకు పటంలో 74, 79 అని ఉన్న రెండింటి మధ్య మన నక్షత్రం అయిదింట రెండు వంతుల దూరంలో ఉన్నట్టు తోస్తే 7.6 అని రాసుకోవాలి. వీ1405 కాసియోపియేను నేను ఇలాగే వెంబడించాను. మార్చి, ఏప్రిల్ నెలల్లో అది ఎనిమిదికి కాస్త ఇటూ అటూగా కదలకుండా ఉండి, ఇక తగ్గిపోతుందని అందరూ అనుకుంటున్న వేళ, మే నెలలో హఠాత్తుగా పెరిగి ఆరు దాటింది. ఒక వేకువన పటంలోని పోలిక నక్షత్రాలను ఒక్కొక్కటిగా దాటుకుంటూ పోయినా దానికి సమానమైనది దొరకక, అదే నక్షత్రాన్ని చూస్తున్నానా అని మూడుసార్లు సరిచూసుకున్నాను. చివరికి విశాలమైన మేర గల పటం కొత్తగా తీసుకుంటే తప్ప పోలిక కుదరలేదు. పటం మేరను పది క్షణాల్లో మార్చుకోగలగడం ఎంత ఉపయోగకరమో అప్పుడు అనుభవమైంది.

వీఎస్‌పీలో ఒక పరిమితిని గుర్తుపెట్టుకోవాలి. కొత్తగా కనబడిన చుక్క చుట్టూ ఎవరూ అంతకు ముందు పోలిక నక్షత్రాలను ఎంచి ఉండకపోతే, పటం గీయబడుతుంది కాని అందులో అంకెలు తక్కువగానో, అసలు లేకుండానో ఉంటాయి. పోలిక నక్షత్రాల వరుసను సిద్ధం చేసే స్వచ్ఛంద బృందం ఒకటి ఉంది, వారు నోవా నిర్ధారణ అయిన తరువాత త్వరగానే పూర్తి చేస్తారు. అత్యవసరంగా అవసరమైన మొదటి రాత్రి మాత్రం మనమే నక్షత్ర జాబితాల నుంచి విలువలు తీసుకుని, ఏ జాబితా వాడామో స్పష్టంగా రాయవలసి ఉంటుంది.

ఇక వెబ్‌ఆబ్స్. కొలత పంపే పత్రంలో నక్షత్రం పేరు, జూలియన్ తేదీ, మాగ్నిట్యూడ్, రెండు పోలిక నక్షత్రాలు, పటం సంకేతం నింపాలి. మధ్యాహ్నం నుంచి మధ్యాహ్నానికి రోజును లెక్కించే జూలియన్ తేదీ మొదట్లో వింతగా ఉంటుంది కాని, ఒకే రాత్రి చేసిన పని చాలా చోట్ల రెండు తేదీల్లోకి చీలిపోకుండా కాపాడేది అదే. మామూలు తేదీని మార్చి ఇచ్చే వసతి సంస్థే కల్పించింది. వీటితో పాటు ఒంటి అక్షరాల వ్యాఖ్య సంకేతాలు ఉన్నాయి. వెన్నెల గాని సంధ్య వెలుగు గాని అడ్డుపడితే బీ, మబ్బో పొగో ఉంటే యూ, నక్షత్రం దిగంతానికి దగ్గరగా ఉంటే ఎల్, కొలత మీద మనకే నమ్మకం లేకపోతే జెడ్. కొలతతో పాటు మన సందేహాన్ని కూడా నమోదు చేయడానికి చోటు ఇచ్చిన ఈ పద్ధతి పట్ల నాకు గౌరవం ఉంది. ఔత్సాహికుల కొలతలను శాస్త్రవేత్తలు పరిశోధన పత్రాల్లో వాడుకోగలగడానికి ఇలాంటి నిజాయితీయే కారణం.

కనబడలేదు అని పంపడం కూడా కొలతే అన్న సంగతి చాలామందికి తెలియదు. నక్షత్రం కనబడనప్పుడు, కనబడిన అతి మసకైన పోలిక నక్షత్రం విలువ ముందు 'కన్నా తక్కువ' గుర్తు పెట్టి పంపాలి. 2021 జూన్ 12న జపాన్ పరిశీలకుడు సెయిజి ఉఎడ 8.4 వద్ద పట్టుకున్న వీ1674 హెర్క్యులిస్ కొద్ది గంటల్లో ఆరు దాకా పెరిగి, రోజు తిరిగేసరికి దాదాపు రెండు మాగ్నిట్యూడ్లు పడిపోయింది. ఇంతవరకు తెలిసిన నోవాలలో అత్యంత వేగవంతమైన వాటిలో అది ఒకటి. అలాంటి నోవా ఎప్పుడు మొదలైందో తేల్చాలంటే, అంతకు ముందు గంటల్లో అక్కడ ఏమీ లేదని ఎవరో ఒకరు రాసి పెట్టి ఉండాలి. ఉత్తర కిరీట రాశిలో ఉండి, 1866లోను, 1946లోను పేలిన టీ కరోనే బొరియాలిస్ విషయంలో కూడా ఇంతే. సుమారు 80 ఏళ్ల అంతరం ఉన్న ఆ నక్షత్రాన్ని లెస్లీ పెల్టియర్ అనే గొప్ప ఔత్సాహికుడు పాతికేళ్లకు పైగా కనిపెట్టుకుని ఉండి, సరిగ్గా 1946 ఫిబ్రవరిలో అది పేలిన రాత్రి ఒంట్లో బాగులేక తిరిగి పడుకున్నారు. అది తెలిసినప్పటి నుంచి, చూడడానికి వీలైన ప్రతి రాత్రీ ఉత్తర కిరీటం వైపు ఒకసారి చూసి, పదికి దగ్గరలో ఉన్న మామూలు విలువనే అయినా పంపుతూ వస్తున్నాను.

కాలంతో పాటు వెలుగు ఎలా మారిందో చూపే సంస్థ వెలుగు వక్రరేఖలో నోవా కొలతలు ఒక్కోసారి చెల్లాచెదురుగా కనబడడం చూసి అవి నమ్మదగనివని అనుకోకూడదు. నోవా వెలుగులో చెప్పుకోదగ్గ భాగం హైడ్రోజన్ నుంచి వచ్చే 656.3 నానోమీటర్ల ఎర్ర గీతలోకి పోగవుతుంది. మనిషి కన్ను రాత్రివేళ ఎరుపును తక్కువగా పట్టుకుంటుంది. సాధారణ డిజిటల్ కెమెరాలోని వడపోత గాజు ఆ ఎరుపులో చాలా భాగాన్ని ఆపేస్తుంది. పసుపు పచ్చ వెలుగును పంపే వీ ఫిల్టర్ పెట్టిన కెమెరాకు అది పరిధి అంచున పడుతుంది. ఒకే నక్షత్రం ఒకే క్షణంలో మూడు విధాలుగా కొలవబడుతుంది, మూడూ నిజమే. అందుకే వక్రరేఖను చూసేటప్పుడు ఏ ఫిల్టర్‌తో తీసినవో వేరుచేసి చూడాలి. ఆ ఎంపిక పేజీలోనే ఉంది. కొత్తవారికి కంటపడేలా ఇంకాస్త ముందుకు తెచ్చి ఉంటే బాగుండేదని నా సూచన.

అసలు లోటు వేరే ఉంది. ఇన్ని సేవలు ఉన్న సంస్థలో, కొత్త నోవాను అధికారికంగా నమోదు చేసే ఏర్పాటు లేదు. ఆ పని అంతర్జాతీయ ఖగోళ సంఘం కింద నడిచే వేరే వ్యవస్థలది. సెంట్రల్ బ్యూరో ఫర్ ఆస్ట్రనామికల్ టెలిగ్రామ్స్ వారి నిర్ధారణ పేజీలో, నమోదైన వినియోగదారులు అనుమానిత నోవాను చేర్చవచ్చు. దానికి పీఎన్‌వీ అన్న అక్షరాల తరువాత స్థానాన్నే పేరుగా ఇస్తారు. ఇతర పరిశీలకులు దాని కిందే తమ కొలతలు రాస్తారు. 2016 నుంచి ట్రాన్సియెంట్ నేమ్ సర్వర్ కూడా అధికారిక ద్వారంగా ఉంది. సూపర్నోవాల వంటివి ఇక్కడ ఏటీ అన్న పేరుతో మొదలై, వర్ణపటం చూసి తేల్చిన తరువాత ఎస్ఎన్‌గా మారుతాయి. ఎక్కడ చెప్పినా చివరి తీర్పు వర్ణపటానిదే, అంటే వెలుగును రంగులుగా విడదీసిన చిత్రానిదే. వీ1405 కాసియోపియేకు ఆ తీర్పు జపాన్‌లోని 3.8 మీటర్ల సెయిమెయి టెలిస్కోపు ఇచ్చింది. ఇప్పుడు మిల్లీమీటరుకు 100 గీతలు గల, వెలుగును రంగులుగా విడదీసే చిన్న గ్రేటింగ్ అనే గాజును ఫిల్టర్ బిగించే చోటే బిగించి, ఔత్సాహికులు కూడా ప్రకాశవంతమైన నోవాలలో ఆ ఎర్ర గీత ఉబ్బెత్తుగా లేవడాన్ని చూడగలుగుతున్నారు. ఈ దారులన్నింటినీ వరుసక్రమంలో వివరించి, ఏది ఎప్పుడు చేయాలో చెప్పే ఒక్క పేజీ ఏఏవీఎస్‌ఓ ముఖద్వారంలోనే ఉంటే, అనుమానం వచ్చిన రాత్రి కంగారు పడే వారికి ఎంతో మేలు జరుగుతుంది.

చిత్రాల నుంచి వెలుగు కొలిచే వీఫాట్ అనే సాధనం సభ్యులకే పరిమితం. కెమెరాతో క్రమం తప్పకుండా పనిచేసేవారికి అది సభ్యత్వం తీసుకోవడానికి తగిన కారణమే. కంటితో, బైనాక్యులర్‌తో పనిచేసేవారికి దాని అవసరం రాదు. నోవా వేట కోసమే ఈ సేవల దగ్గరికి వచ్చేవారు మొదటి వారం నుంచే ఆవిష్కరణ ఆశించకుండా, వీఎస్‌పీలో కై సిగ్ని పేరు ఇచ్చి, ఏ మేర పటం ఒకటి, బీ మేర పటం ఒకటి తమ పరికరానికి సరిపోయే దిక్కుతో ముద్రించుకోవాలి. ఒక ఆవర్తనం పొడుగునా పది రోజులకు ఒకసారి కొలిచి పంపాలి, బైనాక్యులర్‌కు అందని దశలో కనబడలేదనే పంపాలి. హంస మెడలో ఆ ఎర్ర చుక్క ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు ఉండదో కంటికి అలవాటైన తరువాత, పక్కన మరో చుక్క కొత్తగా చేరితే దానిని గుర్తించడానికి పటం కూడా అవసరం ఉండదు.